పిల్లి బతికే ఉందా, సార్?

"పిల్లి కథ చెప్పే సారు మీరేనా?"

గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. చేతిలో గొడుగు. గొడుగు నుంచి నీళ్లు నేరుగా మా క్లాసు గచ్చు మీదికి. బయట గవర్నర్‌పేట అంతా వాన. మా క్లాసు పై అంతస్తులో రేకుల కింద కాబట్టి, నేను చెప్పేది నాకే సగం వినపడటం లేదు.

"క్లాసు జరుగుతోందండీ," అన్నాను.

"కనిపిస్తోంది. పిల్లి కథ చెప్పింది మీరేనా, కాదా?"

ముందు బెంచీ వాళ్లు కిసుక్కుమన్నారు. నాకు చెవులు వేడెక్కాయి. నా పేరు యేసుబాబు. ఆ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాది ఉయ్యూరు పక్క పల్లె. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న జక్కయ్య ఇప్పటికీ చెరుకు కొట్టడానికి వెళ్తాడు. "నలుగురికి పాఠం చెప్పేవాడివి, మాట తూలకూడదు" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు. అందుకని తూలలేదు.

"నేనేనండీ. ఏమైంది?"

"అయితే మీరు మా ఇంటికొచ్చి, మా అమ్మకి ఆ పిల్లి చచ్చిపోయిందని చెప్పాలి."

ఈసారి క్లాసంతా గొల్లుమంది. ఆమె నవ్వలేదు. వెనక బెంచీలో ఒకడు నవ్వు మధ్యలో ఆపేసి, "సార్, శౌరి వాళ్ల అక్క," అన్నాడు.

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రేకుల మీద వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

* * *

శౌరి నా స్టూడెంటు. "సార్, టైం ట్రావెల్ చేస్తే మొన్నటి ఇంటర్నల్ మళ్లీ రాయొచ్చా?" అని నిలబడి అడిగే రకం. కిందటేడు బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిపోయినప్పుడు, పక్కింటి పసిపిల్లకి పాలపాకెట్లు తెస్తానని మెడలోతు నీళ్లలోకి దిగాడు. తిరిగి రాలేదు. కాలేజీలో మౌనం పాటించాం. తర్వాత సిలబస్‌లో పడిపోయాం. అంతకు మించి ఏం చేయాలో మాకెవరికీ తెలియలేదు.

కింద టీ కొట్టు పంచలో నిలబడి ఆమె చెప్పింది. పేరు డయానా. ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్.

"వరద తీశాక కొల్లేరు వైపు గుర్రపుడెక్కలో ఒక శవం దొరికిందండీ. గుర్తుపట్టే స్థితిలో లేదు. డి.ఎన్.ఎ. శాంపిల్ తీసిపెట్టి అక్కడే పూడ్చేశారు. నా రక్తం ఇచ్చాను. అక్కచెల్లెళ్లది చాలదు, గట్టిగా తేలాలంటే తల్లిది కావాలన్నారు. నాన్న లేడు. అమ్మేమో ఇవ్వనంటోంది."

"ఎందుకని?"

"మీ పిల్లి వల్ల."

నేను వరదకి ముందు చెప్పిన పాఠం గుర్తొచ్చింది. మూత వేసిన పెట్టెలో ఒక పిల్లి. పక్కన ఒక అణువు, విషం సీసా. అణువు పగిలితే విషం ఒలుకుతుంది, పిల్లి చస్తుంది. పగలకపోతే బతుకుతుంది. ఆ అణువు రెండు దారుల్లోనూ ఒకేసారి ఉంటుంది కాబట్టి, మూత తీసి చూసేదాకా పిల్లి కూడా అటు బతికీ ఇటు చచ్చీ ఉండాలంటుంది లెక్క. శుక్రవారం అక్కడిదాకా చెప్పి, మిగతా సగం సోమవారం అన్నాను. ఆదివారం ఊళ్లోకి నీళ్లొచ్చాయి. ఆ సోమవారం కాలేజీ లేదు.

"వాడు ఆ రాత్రి అన్నం తింటూ అమ్మకి చెప్పాడు. అమ్మకి భలే నచ్చింది. ఇప్పుడు ఏమంటుందో తెలుసా? 'నేను చూడనంతకాలం వాడు బతికే ఉంటాడే, వాడే చెప్పాడు' అంటుంది. రోజూ ఊరందరి రక్తం తీస్తానండీ నేను. మా అమ్మ చెయ్యి మాత్రం నాకు అందనివ్వదు."

నేను చల్లారిన టీ తాగేశాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "మీరు ఆర్.సి.ఎం. చర్చి వాళ్లా?" అన్నాను.

"అవును. మీరు?"

"సి.ఎస్.ఐ."

"ఓహో. కొవ్వొత్తులు వెలిగించని బ్యాచ్."

"మేమూ వెలిగిస్తామండీ. కరెంటు పోతే."

నవ్వింది. వెంటనే ఏదో తప్పు చేసినట్టు పెదాలు బిగించేసుకుంది. ఆ బిగించుకోవడం నన్ను ఇంటిదాకా వెంటాడింది.

* * *

సింగ్ నగర్‌లో వాళ్ల వీధిలో అన్ని ఇళ్లకీ కొత్త రంగులు. వీళ్ల ఇంటి గోడ మీద మాత్రం నా భుజం ఎత్తున వరద నీళ్ల చార అలాగే ఉంది.

"రండి బాబూ. మా శౌరి సారా?" అన్నారు వాళ్లమ్మ తెరేసమ్మ గారు. "కూర్చోండి. ఆ కుర్చీ కాదు, ఇటు."

ఆ కుర్చీ ముందు బల్ల మీద ఒక స్టీలు కంచం ఉంది. దాని మీద ఇంకో కంచం బోర్లించి ఉంది. అడక్కపోయినా శౌరిదని అర్థమైంది.

నేను దారంతా ప్రాక్టీసు చేసుకున్నది ఒక్కటే వాక్యం. "అమ్మా, ఆ పిల్లి చచ్చిపోయిందమ్మా."

ఆమె నన్ను తేరిపార చూసింది. "మీరు మూత తీశారా?"

"లేదమ్మా."

"మరెట్టా చెప్తున్నారు?"

వెనక డయానా ఊపిరి గట్టిగా వదిలింది.

"వాడు వచ్చి చెప్పినప్పుడు, సారు చాలా బాగా చెప్పారమ్మా అన్నాడు. ఇప్పుడు మీరే మాట మారిస్తే ఎట్టా బాబూ? మా అమ్మాయి చెప్పమందా?" ఆమె గొంతులో కోపం లేదు, అదే భయమేసింది. "సూది నా చేతికి గుచ్చితే అక్కడ నా కొడుకు చచ్చిపోతాడు. నేను ఇవ్వను. టీ తాగి వెళ్లండి."

టీ తాగి వచ్చేశాం. వీధి మలుపు తిరిగాక డయానా అంది.

"ఎమ్మెస్సీ చదివారు కదా. ఒక్క పిల్లిని చంపలేకపోయారు."

"సారీ అండీ."

"సారీ వద్దు. మళ్లీ రండి. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఖాళీగా ఉంటుంది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అబద్ధం చెప్పడం మీకు చేతకాదని అమ్మకి తెలిసిపోయింది. నాకు కూడా."

అది తిట్టో మెప్పో నాకు అర్థం కాలేదు. ఆదివారం వెళ్లాను. ఆ తర్వాతా వెళ్లాను.

* * *

తెరేసమ్మ గారు శనివారాలు గుణదల కొండెక్కి మేరీమాత దగ్గర కూర్చుంటారు. ఆమె దిగేదాకా డయానా కింద మెట్ల దగ్గర కాసుకుని ఉంటుంది. నా బండి కూడా శనివారాలు అటే తిరగడం మొదలుపెట్టింది.

"మీకు ఇటు ఏం పని?" అనడిగింది మొదటిసారి.

"ఊరికే. ట్రాఫిక్ తక్కువని."

"గుణదలలో? ట్రాఫిక్ తక్కువా?" కళ్లు చిట్లించి చూసింది. "మీకు నిజంగానే అబద్ధం రాదు."

ఒక శనివారం చినుకులు. కొవ్వొత్తులు అమ్మే షాపు పట్టా కింద ఇద్దరం ఇరుక్కుని నిలబడ్డాం. ఆమె జడ చివర నుంచి నీటిబొట్టు నా చెప్పు మీద పడుతోంది. నేను కాలు తీయలేదు.

"యేసుబాబు గారూ, ప్యారలల్ యూనివర్స్ అంటారు కదా. నిజంగా ఉందా?"

"ఉండొచ్చని కొంతమంది సైంటిస్టులంటారు. రెండు దారులున్న ప్రతి చోటా లోకం రెండుగా చీలుతుందట. లెక్క ఒప్పుకుంటుంది. ఎవరూ చూసిరాలేదు."

"అంటే ఒక లోకంలో వాడు పాలపాకెట్లు పట్టుకుని ఇంటికొచ్చేసి ఉంటాడు."

"వాళ్ల మాట నిజమైతే, వచ్చేసుంటాడు."

"తడిసి ముద్దయి వచ్చావేంరా అని నేను తిట్టుంటాను."

"ఊఁ."

"నాన్న పాత తువ్వాలు తెచ్చి వాడి మొహాన కొట్టుంటాను." ఆమె వాన వైపు చూసింది. "ఆ లోకంలో మీరు నాకు తెలీదు కదా?"

నేను ఆ సంగతి ఆలోచించలేదు. శౌరి పోయాడు కాబట్టే ఈమె నా క్లాసు గుమ్మంలోకి వచ్చింది. ఈ పట్టా, ఈ చినుకులు, చెప్పు మీద ఈ నీటిబొట్టు, అన్నీ వాడు లేని లోకంలోవే.

"తెలీదండీ," అన్నాను.

"దారంటూ ఉంటే నేను అక్కడికే పోతాను. మీరేం అనుకోకండి."

"అనుకోను," అన్నాను.

అనుకున్నాను. నాకు ఈమె అంటే ఇష్టమని తెలిసింది కూడా అప్పుడే. ఆ ఇష్టం గురించి సంతోషపడటానికి సిగ్గేసింది. ఒక తమ్ముడి చావు మీద నిలబడి ప్రేమించడం ఎలాగో నాకెవరూ నేర్పలేదు.

* * *

కొల్లేరు వైపు ఆ ఊరి నుంచి కబురొచ్చింది. శ్మశానం పల్లంలో ఉందని పండగలు వెళ్లాక మెరక పోస్తారట.

"మట్టి పోసేస్తే ఏది ఎక్కడుందో ఎవరికీ తెలీదు," అంది డయానా ఫోన్లో. "నేను చూసిరావాలి. ఒక్కదాన్నే వెళ్లలేను."

కైకలూరు బస్సెక్కి వెళ్లాం. దిగేసరికి వాన. ఒకటే గొడుగు. వాన, గొడుగు, పక్కన ఒక అమ్మాయి: మా స్టాఫ్‌రూమ్‌లో చెబితే నన్ను వారం రోజులు ఏడిపించేవాళ్లు. మేం వెతుకుతున్నది ఒక గొయ్యి.

శ్మశానం చుట్టూ కాలవ. కాలవ నిండా గుర్రపుడెక్క, ఊదారంగు పూలతో. లోపల గుర్తు లేని మట్టి దిబ్బలు కొన్ని ఉన్నాయి. గోతులు తీసే పెద్దాయన తలమీద గోనెపట్టా కప్పుకుని వచ్చాడు.

"ఇదోనమ్మా. కిందటేడు నీళ్లకి కొట్టుకొచ్చిన కుర్రోడు. ఏ మతమో తెలీదు, ఏం చదవాలో తెలీదు. ఎవరో ఒకరు వెయ్యాలి కదా అని మూడు గుప్పిళ్ల మట్టి నేనే వేశా."

డయానా ఆ దిబ్బ పక్కన కూర్చోబోయి ఆగింది. "వాడో కాదో కూడా తెలీదు," అంది నాతో. "ఏడవాలో వద్దో కూడా తెలీట్లేదండీ."

గొడుగు ఆమె మీదికి జరిపాను. నా వీపు తడిసింది. ఆ పెద్దాయన మా ఇద్దరినీ చూసి, "మీ ఆయన తడిసిపోతన్నాడమ్మా," అన్నాడు. ఆమె కాదనలేదు. ఏదీ కాదనే ఓపిక లేదు.

తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నేను శుక్రవారం పాఠం గురించి ఆలోచించాను. సోమవారం చెప్పాల్సిన మిగతా సగం గురించి కూడా.

* * *

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. తెరేసమ్మ గారు చేటలో బియ్యం ఏరుతున్నారు.

"అమ్మా, శౌరి మీకు చెప్పింది సగం పాఠమే. మిగతా సగం వాడు వినలేదు. నేను చెప్పే రోజు రాలేదు. ఇప్పుడు మీకు చెబుతాను."

ఆమె చెయ్యి ఆగింది. "మళ్లీ పిల్లి చచ్చిపోయిందంటారా బాబూ?"

"అననమ్మా. నాకు తెలీదు." ఆ కుర్చీ ముట్టుకోకుండా కింద కూర్చున్నాను. "చూడటం అంటే మనిషి కళ్లతో చూడటమే కాదమ్మా. పెట్టెలో కాస్త గాలి తగిలినా చూసినట్టే. వేడి తగిలినా, దుమ్ము రేణువు తగిలినా చూసినట్టే. అణువు ఒక్కటే, ఏదీ తగలకుండా ఉన్నంతసేపే రెండు దారుల్లో ఉంటుంది. పిల్లికి అన్నీ తగులుతూనే ఉంటాయి. అందుకని నిజం పిల్లి ఏదీ రెండుగా ఉండదు. మనం మూత తీయకముందే, ఏదో ఒకటి అయిపోయి ఉంటుంది."

"అయిపోయి ఉంటుందా?"

"అయిపోయి ఉంటుందమ్మా. మన చూపు వల్ల ఏదీ మారదు. సూది వల్లా మారదు. తెలుస్తుంది, అంతే."

ఆమె చేట పక్కన పెట్టింది. తలుపు దగ్గర డయానా నిలబడి ఉంది.

"నిన్న మేం వెళ్లొచ్చాం," అన్నాను. "అక్కడున్న ఆ కుర్రాణ్ణి నీళ్లు చూశాయమ్మా. గుర్రపుడెక్క చూసింది. బయటికి తీసినవాళ్లు చూశారు. గొయ్యి తీసిన పెద్దాయన చూసి మూడు గుప్పిళ్ల మట్టి వేశాడు. లోకం ఎప్పుడో చూసేసింది. చూడనిది ఈ ఇల్లొక్కటే."

పక్కింట్లో పసిపిల్ల నవ్వులు వినిపించాయి. పాలు కావాల్సొచ్చిన పిల్ల. ఇప్పుడు నడుస్తోంది.

"మట్టి వేశాడా ఆయన?" అన్నారు తెరేసమ్మ గారు.

"వేశాడమ్మా."

"ఎవరి బిడ్డో తెలీకుండానే?"

"తెలీకుండానే."

"ఒకవేళ అది మావాడు కాకపోతే?"

"అప్పుడు ఇంకో తల్లి బిడ్డమ్మా. ఆవిడా ఎక్కడో మూత తీయకుండా కూర్చుని ఉంటుంది."

ఆమె లేచింది. బల్ల దగ్గరికి వెళ్లి, బోర్లించిన కంచం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. తర్వాత పై కంచం తీసింది. లోపల ఆ పూట పెట్టిన అన్నం, దొండకాయ వేపుడు, ఒక పక్కన కొంచెం ఆవకాయ. అంతే. ఇంకేం ఉంటుంది.

ఆ కంచం తెచ్చి నా ముందు పెట్టింది. "తినండి బాబూ. చల్లారిపోతుంది."

తిన్నాను. అంత కష్టంగా నేనెప్పుడూ అన్నం మింగలేదు. డయానా గోడకి తిరిగి, ఆ వరద చార మీద నుదురు ఆనించి ఏడ్చింది. వాళ్లమ్మ వెళ్లి వెనక నుంచి పట్టుకుంది.

"ఊరుకోవే. చెయ్యిస్తాలే. గట్టిగా గుచ్చొద్దని చెప్పు వాళ్లకి."

* * *

రిజల్టు వచ్చిన రోజు నేను క్లాసులో ఉన్నాను. ఫోన్ ఎత్తగానే డయానా హలో అనలేదు.

"వాడే," అంది. పెట్టేసింది.

బోర్డు మీద సగం రాసిన ఈక్వేషను ఉంది. నేను దాన్ని పూర్తి చేయలేకపోయాను. వెనక బెంచీ వాళ్లు నా మొహం చూసి లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే అందరూ నిలబడ్డారు.

అనుమతులు వచ్చాక శౌరిని తెచ్చి వాళ్ల నాన్న పక్కన పెట్టుకున్నారు. గోతిలోకి దించేటప్పుడు మూడు గుప్పిళ్ల మట్టి తెరేసమ్మ గారు వేశారు. ఆ తర్వాత ఆ ఇంటి గోడకి సున్నం వేశారు. చార ఇంకా లీలగా కనిపిస్తుంది.

నవంబరులో సమాధుల పండగ. సాయంకాలం పూజలో ఫాదర్ గారు చనిపోయినవాళ్ల పేర్లు చదివారు. శౌరి పేరు వచ్చినప్పుడు తెరేసమ్మ గారు "నా తండ్రీ" అన్నారు, గట్టిగా. ఏడాది పైగా ఆపుకున్న ఏడుపు తల్లీకూతుళ్లు కలిసి ఏడ్చారు.

సమాధుల మధ్య ఎటు చూసినా బంతిపూలు, కొవ్వొత్తులు. నా చేతికి కూడా ఒకటి ఇచ్చారు. నేను పక్కకి వెళ్లి నాన్నకి ఫోన్ చేశాను. అన్నీ ముందే చెప్పి ఉంచాను. కొవ్వొత్తి సంగతి ఒక్కటే చెప్పలేదు.

"నాన్నా, ఆ అమ్మాయి వాళ్లు ఆర్.సి.ఎం."

"చెప్పావుగా. వాళ్లు చచ్చిపోయినోళ్లకి కొవ్వొత్తులు పెడతారు. మనం పెట్టం."

"నేను పెట్టబోతున్నాను నాన్నా. నా స్టూడెంటు."

అటు పక్క చెరుకు లోడు లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"గాలి ఉందా అక్కడ?" అన్నాడు నాన్న.

"కొంచెం ఉంది."

"చెయ్యి అడ్డం పెట్టుకో. ఆరిపోనీకు."

వెళ్లి వెలిగించాను. డయానా నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. తెల్ల చున్నీ, ఉబ్బిన కళ్లు.

"ఒకటి అడుగుతాను. ఆ రెండో లోకానికి దారి దొరికి, నేను పోతానంటే మీరేం చేస్తారు?"

"బండి మీద తీసుకెళ్లి, గుమ్మం దాకా దింపుతాను."

"తర్వాత?"

"అక్కడ మీరు నన్ను గుర్తుపట్టరు కదండీ. తిరిగొచ్చేస్తాను."

"ఒక్కరేనా?"

"ఒక్కణ్ణే."

ఆమె కొవ్వొత్తినే చూస్తోంది. "ఇది ఐ లవ్ యూ చెప్పడమా?"

"అవునండీ."

"ఫిజిక్స్ వాళ్లకి ఇంతకంటే బాగా రాదా?"

"రాదండీ."

నవ్వింది. ఈసారి పెదాలు బిగించుకోలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"అక్కడ కూడా శౌరి మీ క్లాసులోనే ఉంటాడుగా. సగం పిల్లి కథ ఇంటికొచ్చి చెప్తాడు. సోమవారం మిగతా సగం చెప్తాడు. అమ్మ నమ్మదు. ఎవర్రా ఆ సారు, చూసిరావే అని నన్నే పంపిస్తుంది." సమాధి మీద పేరుని వేలితో తడిమింది. "అంత అదృష్టం ఆ లోకానిది. మనకి ఇదొచ్చింది."

"ఇదొచ్చింది," అన్నాను.

కృష్ణా నది వైపు నుంచి గాలి లేచింది. వరసగా మంటలన్నీ వంగాయి. అవతలి పక్క నుంచి తెరేసమ్మ గారి గొంతు వినిపించింది.

"ఆరిపోతుందే! చూసుకోండి ఇద్దరూ."

నేను ఒక పక్క అరచెయ్యి అడ్డం పెట్టాను. రెండో పక్క డయానా పెట్టింది.